కరెంటు పోయి వచ్చాక సబ్ ఊఫర్ ఆన్ కావడం లేదు, ఫ్యూజ్ నిలవడం లేదు: సలహా కావాలి

బోడుప్పల్_బాస్
అందరికీ నమస్కారం. మా ఇంట్లో 10 అంగుళాల పవర్డ్ సబ్ ఊఫర్ ఉంది. మొన్న గాలివానకు కరెంటు పోతూ వస్తూ ఉంది. ఆ తర్వాత ఇది ఆన్ కావడం లేదు. వెనక ఉండే ఎర్ర లైటు కూడా వెలగడం లేదు. మా వీధిలో రిపేరు షాపతనికి చూపిస్తే ఫ్యూజ్ పోయిందని కొత్తది వేశాడు. స్విచ్ వేయగానే టప్‌మని అదీ పోయింది. బోర్డు మొత్తం మార్చాలి, ఈ మోడల్ బోర్డు దొరకదు, కొత్త సబ్ కొనుక్కోండి అన్నాడు.

పెట్టె గట్టిగా ఉంది. స్పీకరు రబ్బరు ఎక్కడా చిరగలేదు. నాన్నగారు ఇష్టపడి కొన్న సెట్టు, పారేయడానికి మనసొప్పడం లేదు. నా దగ్గర మల్టీమీటర్ ఉంది, సోల్డరింగ్ బాగానే చేస్తాను. వెనక ప్లేటు విప్పి చూశాను. పెద్ద ట్రాన్స్‌ఫార్మర్, దాని మీద 25-0-25 అని ఉంది. బ్రిడ్జి రెక్టిఫయర్, 6800 మైక్రోఫారడ్ 50 వోల్టుల కెపాసిటర్లు రెండు. అక్కడి నుంచి మూడు వైర్ల కనెక్టరుతో ఇంకో బోర్డు. దాని మీద హీట్ సింక్‌కు బిగించిన 15 కాళ్ల ఐసీ (ఆంప్లిఫయర్ చిప్), పేరు టీడీఏ7294. ఫ్యూజ్ మీద టీ2ఏ 250వీ అని ఉంది. కాలిన వాసన గానీ నల్లబడిన చోటు గానీ పైకి కనిపించలేదు. ఎక్కడ మొదలుపెట్టాలి?

సోల్డర్ బాబాయ్
బాబూ, ముందు ఇంకో ఫ్యూజ్ వేయకండి. వేసిన వెంటనే పోతోందంటే లోపల ఎక్కడో షార్ట్ ఉన్నట్టే. అది ఎక్కడో తేలకుండా పెద్ద ఫ్యూజ్ వేసినా, ఎవరో చెప్పారని రాగి తీగ చుట్టినా ట్రాన్స్‌ఫార్మర్ కాలుతుంది. మీ సబ్‌లో అన్నిటికంటే ఖరీదైన వస్తువు అదే.

సీరీస్ బల్బు బోర్డు ఒకటి తయారు చేసుకోండి. హోల్డరు, 100 వాట్ల పాతకాలపు ఫిలమెంటు బల్బు, ఒక సాకెట్టు చాలు. ఫేజ్ వైరు బల్బు గుండా సాకెట్టుకు వెళ్లాలి, న్యూట్రల్ నేరుగా వెళ్లాలి. ఎల్‌ఈడీ బల్బు దీనికి అస్సలు పనికిరాదు. సబ్‌లో షార్ట్ ఉంటే బల్బు పూర్తిగా వెలుగుతుంది, కరెంటును అదే ఆపుతుంది కాబట్టి లోపల కొత్తగా ఏమీ కాలదు. షార్ట్ లేకపోతే కెపాసిటర్లు నిండేదాకా ఒక్కసారి వెలిగి ఆరిపోతుంది.

పరీక్ష మూడు దశల్లో చేయండి. మొదట ట్రాన్స్‌ఫార్మర్ ఒక్కటే, సెకండరీ వైర్లు బ్రిడ్జికి తగలకుండా పీకేసి. తర్వాత బ్రిడ్జి, కెపాసిటర్లు కలిపి, ఆంప్ బోర్డు (ఐసీ ఉన్న బోర్డు) కనెక్టరు మాత్రం తీసేసి. చివరికి అన్నీ కలిపి. స్పీకరు వైర్లు మాత్రం మూడింట్లోనూ విప్పే ఉండాలి. ఏ దశలో బల్బు వెలిగి అలాగే ఉండిపోతుందో, కొత్తగా కలిపిన ఆ భాగంలోనే షార్ట్ ఉంది.

ఇంకో మాట. ప్లగ్ తీసినా ఆ కెపాసిటర్లలో చార్జి నిలిచి ఉంటుంది. 100 ఓమ్‌ల 5 వాట్ల రెసిస్టరు వైర్లకు అతికించి, ఒక్కో కెపాసిటర్ కాళ్ల మీద కాసేపు పట్టుకోండి. మీటరులో వోల్టేజి సున్నాకు దగ్గరగా వచ్చాకే చేయి పెట్టండి. స్క్రూడ్రైవర్ అడ్డం పెట్టి టప్పుమనిపించే పద్ధతి నాకు నచ్చదు. కెపాసిటర్ కాళ్లూ దెబ్బతింటాయి, కళ్లకూ ప్రమాదం.

హోమ్‌థియేటర్_కూకట్‌పల్లి
బ్రో, ఇంత కష్టం ఎందుకు? ఆన్‌లైన్‌లో క్లాస్ డీ ఆంప్ బోర్డులు చవకగా వస్తున్నాయి. పాత బోర్డు మొత్తం తీసేసి అది పెట్టేస్తే ఒక్క పూటలో అయిపోతుంది. నేను మా చిన్న సబ్‌కు అలాగే చేశాను, బాగానే నడుస్తోంది.

ఈసీఈ_అక్క
కూకట్‌పల్లి గారూ, మీ పద్ధతి కొన్నిచోట్ల సరైనదే. ఇక్కడ మాత్రం ఒప్పుకోలేను. ఆ ప్లేటు మీద వాల్యూమ్, క్రాసోవర్ (ఏ ఫ్రీక్వెన్సీ దాకా సబ్ మోగాలో పెట్టే నాబ్), ఫేజ్ స్విచ్, ఆటో ఆన్ అన్నీ ఉన్నాయి. ఆ పెట్టెకూ ఆ స్పీకరుకూ తగ్గట్టు ఎంత లోతు దాకా బాస్ ఇవ్వాలో కూడా అక్కడి ప్రీ ఆంప్‌లోనే (ఐసీకి వెళ్లేముందు సిగ్నల్‌ను సిద్ధం చేసే భాగం) కుదిర్చి ఉంటారు. ఆ కింది ఫ్రీక్వెన్సీలను కోసే ఫిల్టరు లేకుండా వేరే బోర్డు పెడితే కోన్ హద్దు దాటి ఊగుతుంది, వాయిస్ కాయిల్ వెళ్లి స్పీకరు మాగ్నెట్ వెనక ప్లేటుకు కొట్టుకుంటుంది. పైగా వీళ్ల ట్రాన్స్‌ఫార్మర్, బ్రిడ్జి కలిసి ఇచ్చేది ప్లస్ మైనస్ 35 వోల్టుల డీసీ. దొరికే చవక బోర్డుల్లో చాలావాటికి ఒకే వైపు సప్లై కావాలి.

బోడుప్పల్ గారూ, మీది విడి పార్టులతో చేసిన మంచి పాతకాలపు డిజైన్. ఏది పోయినా మార్చుకోవచ్చు. బాబాయ్ గారు చెప్పినట్టు కొలిచి చెప్పండి.

బోడుప్పల్_బాస్
బాబాయ్ గారూ, చేశాను. ఫిలమెంటు బల్బు కోసం ట్రూప్ బజార్ వెళ్లాల్సి వచ్చింది, మా ఏరియాలో ఎక్కడా లేదు.

ట్రాన్స్‌ఫార్మర్ ఒక్కటే పెడితే బల్బు లీలగా మెరిసి ఆరిపోయింది. బ్రిడ్జి, కెపాసిటర్లు కలిపితే ఒక్కసారి వెలిగి ఆరిపోయింది, కెపాసిటర్ల మీద ప్లస్ 35.6, మైనస్ 35.5 ఉన్నాయి. ఆంప్ బోర్డు కలపగానే బల్బు పూర్తిగా వెలిగి అలాగే ఉండిపోయింది. వెంటనే ఆపేశాను.

ఈసీఈ_అక్క
చాలా శుభ్రంగా చేశారు. ట్రాన్స్‌ఫార్మర్, బ్రిడ్జి, కెపాసిటర్లు బాగున్నాయి. 25 వోల్టుల ఏసీని డీసీ చేస్తే దాదాపు 1.414 రెట్లు వస్తుంది, అంటే 35.3, మీకు వచ్చింది దాదాపు అదే.

ఇప్పుడు ప్లగ్ తీసి, కెపాసిటర్లు ఖాళీ చేసి, ఐసీ కాళ్ల మధ్య కొలవండి. 7, 13 కాళ్లు ప్లస్ సప్లై. 8, 15 మైనస్ సప్లై. 14 అవుట్‌పుట్. 14 నుంచి 13కి, 14 నుంచి 15కి మీటరు బీప్ కొడుతుందేమో చూడండి. కాళ్లు రెండు వరుసల్లో ఎడం ఎడంగా ఉంటాయి, ముందు వరుస వెనక వరుస కలిపి లెక్కపెట్టుకోవాలి. తొందరపడకండి.

స్పీకరు కాయిల్ రెసిస్టెన్స్ కూడా చెప్పండి. కోన్‌ను రెండు చేతుల వేళ్లతో సమానంగా లోపలికి నొక్కి వదలండి, గరగర వినిపిస్తే చెప్పండి.

బోడుప్పల్_బాస్
14 నుంచి 15కి బీప్ వస్తోంది అక్కా, 0.3 ఓమ్. 14 నుంచి 13కి బీప్ లేదు. స్పీకరు 3.4 ఓమ్‌లు చూపిస్తోంది, దాని వెనక 4 ఓమ్‌లు అని రాసి ఉంది. కోన్ మెత్తగా కదులుతోంది, గరగర లేదు.

సోల్డర్ బాబాయ్
దొరికింది. ఐసీ లోపల కింది వైపు అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్ షార్ట్ అయింది. 4 ఓమ్‌ల స్పీకరుకు డీసీ రెసిస్టెన్స్ మూడున్నర దగ్గర ఉండటం మామూలే. మీ స్పీకరు అదృష్టం కొద్దీ బతికింది. ఐసీ అలా షార్ట్ అయినప్పుడు మైనస్ 35 వోల్టుల డీసీ నేరుగా కాయిల్ మీద పడుతుంది, 10 ఆంపియర్లకు పైగా పారుతుంది. సరైన విలువ ఉన్న ఫ్యూజ్ వెంటనే పోవడం వల్ల కాయిల్ మిగిలింది. ఫ్యూజ్ విలువ మార్చకండి అని నేను మొత్తుకునేది అందుకే.

లైన్‌మ్యాన్_తమ్ముడు
అన్నా, ఆడియో సంగతి నాకు పెద్దగా తెలియదు, అపార్ట్‌మెంట్లలో కరెంటు పని చేస్తాను. ఒక అనుమానం. ఆ సాయంత్రం మీ ఇంట్లో ఇంకేమైనా పోయాయా? ఫ్యాన్ ఉన్నట్టుండి స్పీడుగా తిరగడం, లైట్లు మామూలు కంటే ఎక్కువ వెలగడం లాంటివి జరిగాయా?

బోడుప్పల్_బాస్
అవును తమ్ముడూ. హాల్లో రెండు ఎల్‌ఈడీ బల్బులు పోయాయి, వైఫై అడాప్టరు కూడా పోయింది. ఫ్యాన్ స్పీడు పెరిగిందని అమ్మ చెప్పింది. పై ఫ్లాట్ వాళ్లేమో లైట్లు డల్ అయ్యాయన్నారు. పిడుగు వల్ల అనుకున్నాం.

లైన్‌మ్యాన్_తమ్ముడు
ఒకరింట్లో పెరిగి ఇంకొకరింట్లో తగ్గిందంటే అది పిడుగు లక్షణం కాదన్నా, న్యూట్రల్ లూజ్ లక్షణం. మీ బిల్డింగుకు త్రీ ఫేజ్ వస్తుంది, ఒక్కో ఫ్లాటుకు ఒక్కో ఫేజ్ పంచుతారు. మెయిన్ న్యూట్రల్ జాయింటు వదులైతే లోడు ఎక్కువున్న ఫేజ్‌లో వోల్టేజి పడిపోతుంది, లోడు తక్కువున్న ఫేజ్‌లో 230 దాటి పోతుంది. పూర్తిగా తెగితే 400 దాకా వెళ్లగలదు. గాలికి వైర్లు ఊగినప్పుడు వదులు జాయింట్లు ఇలాగే బయటపడతాయి.

ముందు అది చూపించుకోండి, తర్వాతే సబ్ ప్లగ్ పెట్టండి. మీటర్ బోర్డు వరకు మీ బిల్డింగ్ ఎలక్ట్రీషియన్ చూస్తాడు. స్తంభం నుంచి వచ్చే సర్వీస్ వైరు మాత్రం మీరు ముట్టుకోకండి, 1912కి ఫోన్ చేసి కంప్లయింట్ ఇవ్వండి.

ఈసీఈ_అక్క
తమ్ముడూ, ఈ థ్రెడ్‌లో అసలైన మాట మీరే అన్నారు. లెక్క వేసి చూపిస్తాను. ట్రాన్స్‌ఫార్మర్‌తో చేసిన సప్లై వోల్టేజి మెయిన్స్‌తో పాటే పెరుగుతుంది. 230 దగ్గర 35.5 ఉంటే 260 దగ్గర 40. టీడీఏ7294 పనిచేయగలిగే హద్దు ప్లస్ మైనస్ 40 వోల్టులే. సిగ్నల్ లేకుండా ఊరికే ఉన్నా 50 దాటకూడదు. మెయిన్స్ 300 దాకా వెళ్లిందనుకోండి, ఇక్కడ 46 అవుతుంది. పాట నడుస్తుండగా అంత వస్తే ఐసీ మిగలడం కష్టం. ఇంటికి వచ్చే సప్లై 230కి ఆరు శాతం అటూ ఇటూ ఉండాలి, అంటే పైన 244 దాకా. ఆ లోపు ఉన్నంతకాలం మీ ఆంప్ సప్లై 40 వోల్టుల హద్దు దాటదు.

కొత్త ఐసీ వేసి అదే న్యూట్రల్ మీద నడిపితే మళ్లీ ఇదే థ్రెడ్‌కు వస్తారు. తమ్ముడు చెప్పిన పని ముందు పూర్తి చేయండి.

కోఠి_రోజూ
ఐసీ కోసం కోఠిలో ఎలక్ట్రానిక్ పార్టులు దొరికే గుజరాతీ గల్లీకి వెళ్లండి. సుల్తాన్ బజార్ మెట్రో దిగితే నడిచి వెళ్లిపోవచ్చు. ఆదివారం వెళ్లకండి, చాలా షాపులు మూసి ఉంటాయి. పాత ఐసీని విప్పి వెంట తీసుకెళ్లండి, పేరు చెప్పడం కన్నా వస్తువు చూపించడం మేలు.

ఈ ఐసీకి నకిలీలు చాలా ఉన్నాయి, అది గట్టిగా చెప్పాలి. ధర మిగతా షాపుల్లో సగం ఉంటే అనుమానించండి. అసలుది ఎస్‌టీ కంపెనీది, దాని మీద అక్షరాలు లేజరుతో చెక్కినట్టు ఉంటాయి. దూదికి కొంచెం థిన్నర్ అద్ది రుద్దితే అక్షరాలు చెరిగిపోయాయంటే అది పాత ఐసీ మీద కొత్త పేరు వేసింది. బిల్లు అడగండి. రెండు కొనండి, ఒకటి చేతిలో ఉంటే ధైర్యంగా ఉంటుంది. దాంతోపాటు ఐసీకీ హీట్ సింక్‌కూ మధ్య కరెంటు తగలకుండా పెట్టే మైకా షీటు, స్క్రూకు వేసే ప్లాస్టిక్ బుష్, థర్మల్ పేస్ట్, టీ2ఏ ఫ్యూజ్‌లు అర డజను తీసుకోండి. టీ అంటే నెమ్మదిగా పోయేది, ట్రాన్స్‌ఫార్మర్ ఆన్ చేసినప్పుడు వచ్చే మొదటి ఊపును అది తట్టుకుంటుంది. ఎఫ్ అని ఉన్నది ఇస్తే తీసుకోవద్దు.

హోమ్‌థియేటర్_కూకట్‌పల్లి
7294 దొరక్కపోతే 7293 వేయొచ్చా? అది 50 వోల్టుల దాకా తట్టుకుంటుంది కదా, ఈ కేసుకు అదే ఇంకా మంచిదేమో.

ఈసీఈ_అక్క
మంచి ప్రశ్న. 7293 నిజంగానే ఎక్కువ వోల్టేజికి చేసినది, కాళ్లు కూడా చాలావరకు అవే. కానీ బూట్‌స్ట్రాప్ అనే చిన్న కెపాసిటర్ కలిపే చోట తేడా ఉంది. 7294లో అది 6, 14 కాళ్ల మధ్య ఉంటుంది. 7293లో 6, 12 కాళ్ల మధ్య ఉండాలి. కాబట్టి బోర్డు మీద ట్రాక్ కోసి ఒక జంపర్ వేయాలి. చేయగలిగితే చేయొచ్చు, ఊరికే గుచ్చేస్తే సరిపోదు. మొదటిసారి చేస్తున్నవాళ్లు 7294నే వేయండి.

సోల్డర్ బాబాయ్
ఐసీ బిగించే విషయంలో జాగ్రత్త బాబూ. టీడీఏ7294 వీపు మీది లోహపు రేకు మైనస్ సప్లైకి కలిసి ఉంటుంది. హీట్ సింక్ మీ సబ్ వెనక ప్లేటుకు బిగించి ఉంది, ఆర్‌సీఏ సాకెట్ల గ్రౌండ్ కూడా దానికే తగులుతూ ఉండొచ్చు. మైకా లేకుండా బిగిస్తే మైనస్ 35 వోల్టులు నేరుగా గ్రౌండ్‌కు షార్ట్ అవుతాయి. మైకాకు రెండు వైపులా పేస్ట్ పలచగా రాయండి, స్క్రూకు బుష్ వేయండి. సోల్డర్ చేయకముందే హీట్ సింక్‌కూ ఐసీ రేకుకూ మధ్య బీప్ కొట్టి చూడండి. రాకూడదు.

ముందు హీట్ సింక్‌కు బిగించండి, తర్వాతే కాళ్లు సోల్డర్ చేయండి. వరుస మారితే కాళ్ల మీద ఒత్తిడి పడి బోర్డు మీది రాగి లేచిపోతుంది. పాత ఐసీ తీసేటప్పుడు దాన్ని కాపాడాలని చూడకండి. కాళ్లు ఒక్కొక్కటే కత్తిరించి, మిగిలిన ముక్కలను వేడి చేసి పట్టకారుతో లాగండి. కాపాడాల్సింది బోర్డును.

బోడుప్పల్_బాస్
అప్‌డేట్. ముందు కరెంటు సంగతి. బిల్డింగ్ ఎలక్ట్రీషియన్ కింద మీటర్ల దగ్గర చూస్తే న్యూట్రల్ లింక్ మీద ఒక బోల్టు వదులైపోయి చుట్టూ నల్లగా కాలి ఉంది. శుభ్రం చేసి కొత్త లగ్ వేసి బిగించాడు. ఇప్పుడు హాల్లో 232 చూపిస్తోంది, పై ఫ్లాట్లో కూడా దాదాపు అంతే. అసోసియేషన్ వాళ్లు మిగతా జాయింట్లు కూడా చూపిస్తామన్నారు. తమ్ముడూ, మీకు చాలా రుణపడి ఉంటాం, బిల్డింగులో అందరి సామాన్లూ కాపాడారు.

ఐసీ గుజరాతీ గల్లీలో దొరికింది, థిన్నర్‌తో రుద్దినా చెరగలేదు. బాబాయ్ గారు చెప్పిన వరుసలోనే బిగించాను. పాత ఐసీ వెనక పేస్ట్ ఎండి పొడిలా రాలింది. సీరీస్ బల్బు వెలిగి ఆరిపోయింది, సప్లై రెండు వైపులా నిలబడింది. అవుట్‌పుట్‌లో డీసీ 14 మిల్లీవోల్టులు. కానీ శబ్దం లేదు. పాత చిన్న స్పీకరు పెట్టి చూశాను, గుయ్‌మని కూడా లేదు. పూర్తి నిశ్శబ్దం. ఐసీ నకిలీదేమోనని టెన్షన్‌గా ఉంది.

ఈసీఈ_అక్క
టెన్షన్ వద్దు. 14 మిల్లీవోల్టులు చాలా మంచి సంకేతం. ఐసీ మ్యూట్‌లో ఉండి ఉంటుంది. 9వ కాలు స్టాండ్‌బై, 10వ కాలు మ్యూట్. గ్రౌండ్‌తో పోల్చి రెండింటి మీదా కనీసం 3.5 వోల్టులు ఉంటేనే అది నోరు విప్పుతుంది. కొలవండి. ప్రీ ఆంప్ ఐసీలకు ప్లస్ మైనస్ 12 వస్తోందా కూడా చూడండి.

బోడుప్పల్_బాస్
9, 10 రెండూ సున్నా. మైనస్ 12 ఉంది, ప్లస్ 12 మాత్రం లేదు. ప్లస్ 35 నుంచి ఒక 1 కిలో ఓమ్ రెసిస్టరు వచ్చి జీనర్ డయోడ్ (వోల్టేజిని 12 దగ్గర నిలిపేది) దగ్గర కలుస్తోంది. బోర్డు కిందికి తిప్పి చూస్తే ఆ రెసిస్టరు దగ్గర బోర్డు గోధుమ రంగుకు తిరిగింది. రెసిస్టరు ఓపెన్ (లోపల తెగిపోయింది), జీనర్ రెండు వైపులా బీప్.

సోల్డర్ బాబాయ్
అదీ సంగతి. అదే సాయంత్రం జీనర్ కూడా షార్ట్ అయింది. మామూలుగా ఆ రెసిస్టరు మీద 23 వోల్టులు పడతాయి, అర వాటు వేడి. జీనర్ షార్ట్ అయితే మొత్తం 35 పడతాయి, సుమారు ఒకటింపావు వాటు అవుతుంది. అక్కడ ఉన్నది ఒక వాట్ రెసిస్టరు అయితే ఎంతోసేపు ఓర్చుకోదు. మ్యూట్ లైన్లకు వోల్టేజి అక్కడి నుంచే వెళ్తుంది కాబట్టి ఐసీ మూగగా ఉంది.

12 వోల్టుల 1 వాట్ జీనర్ వేయండి. రెసిస్టరు 1 కిలో ఓమ్ 2 వాట్లది తెచ్చి, బోర్డుకు ఆనించకుండా కాళ్లు కొంచెం పొడుగ్గా వదిలి పైకి పెట్టండి, కింద గాలి ఆడుతుంది. మైనస్ వైపు ఉన్న జీనర్, రెసిస్టరు కూడా అదే దెబ్బ తిన్నవే, అవీ మార్చేయండి. రూపాయల్లో ఖర్చు. జీనర్ గీత ఏ వైపుందో ఫొటో తీసుకున్నాకే విప్పండి.

చిక్కడపల్లి_శ్రోత
నమస్కారం, మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోకండి. మా సబ్‌ది కూడా ఇదే సమస్య, ఫ్యూజ్ నిలవడం లేదు. కానీ లోపల పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ లేదు, చిన్న పసుపు ట్రాన్స్‌ఫార్మర్, ఒక లావు కెపాసిటర్ ఉన్నాయి. దాని తల పూరీలా ఉబ్బింది. ఇదే పద్ధతిలో చూడొచ్చా?

బోడుప్పల్_బాస్
పాడింది! రెండు జీనర్లు, రెండు రెసిస్టర్లు మార్చగానే ప్లస్ 12 వచ్చింది, 9వ కాలు 4.8, 10వ కాలు 4.7. ముందు పాత స్పీకరు మీద కాసేపు నడిపి, హీట్ సింక్ చేత్తో పట్టుకోగలిగేంత వేడే ఉందని చూసుకుని అసలు స్పీకరు కలిపాను. ఫోన్ నుంచి 40 హెర్ట్జ్ టోన్ పెడితే కిటికీ అద్దాలు అదిరాయి. తర్వాత నాన్నగారు డప్పుల రికార్డింగ్ ఒకటి పెట్టించుకుని చివరిదాకా విన్నారు.

ఆటో ఆన్, క్రాసోవర్ నాబ్ కూడా పనిచేస్తున్నాయి. అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు.

హోమ్‌థియేటర్_కూకట్‌పల్లి
సూపర్ బ్రో. ఒప్పుకుంటున్నాను, ఇలా చేయడమే కరెక్ట్. క్రాసోవర్ 80 హెర్ట్జ్ దగ్గర పెట్టి మొదలుపెట్టు, నీ ముందు స్పీకర్లు చిన్నవైతే 100 దాకా పెంచి చూడు. సబ్‌ను మూసిన టీవీ యూనిట్‌లో పెట్టకు, మన ఎండాకాలంలో ఆ హీట్ సింక్‌కు గాలి తగలాలి.

లైన్‌మ్యాన్_తమ్ముడు
సంతోషం అన్నా. హోమ్ థియేటర్ ప్లగ్ దగ్గర ఓవర్ వోల్టేజి కట్ ఆఫ్ ఉన్న ప్రొటెక్టరు ఒకటి పెట్టుకోండి. వోల్టేజి హద్దు దాటితే లైను తెంపేసే రకం ఉండాలి, ఉత్త స్పైక్ బస్టర్ న్యూట్రల్ లూజ్‌ను ఆపలేదు.

సోల్డర్ బాబాయ్
చిక్కడపల్లి గారూ, మీది ఎస్‌ఎంపీఎస్ సప్లై, అంటే మెయిన్స్‌ను నేరుగా డీసీ చేసి వాడుకునే రకం. దయచేసి ఈ థ్రెడ్‌లో చెప్పినట్టు మీటరు పట్టుకుని లోపలికి వెళ్లకండి. ఆ లావు కెపాసిటర్ మీద 325 వోల్టుల డీసీ ఉంటుంది, ప్లగ్ తీశాక కూడా కొంతసేపు ప్రాణం తీసేంత చార్జి నిలవొచ్చు. మెయిన్స్‌కూ దానికీ మధ్య అడ్డుగా ఏ ట్రాన్స్‌ఫార్మరూ లేదు. ముందు ప్లగ్ పీకి పక్కన పెట్టండి. బోర్డు రెండు వైపులా వెలుతురులో ఫొటోలు తీసి, చేయి తగలకుండా, కొత్త థ్రెడ్ తెరవండి. ఆ కెపాసిటర్ మీద రాసిన విలువలు, పక్కన హీట్ సింక్‌కు ఉన్న మూడు కాళ్ల పార్టు పేరు స్పష్టంగా కనబడాలి. అక్కడ చూద్దాం.